సోరోరిటీ అంటే పార్టీలేనా? బెర్తా క్యాంబెల్ కథ వినండి

అందరికీ నమస్కారం. అమెరికాలో చదివే మన అమ్మాయి ఫోన్‌లో "సోరోరిటీలో చేరుతున్నా" అంటే ఇంట్లోవాళ్లకు ముందు టెన్షనే. సోరోరిటీ అంటే అక్కడి కాలేజీల్లో అమ్మాయిలు చేరే సంఘం. పార్టీలు, ఖర్చులు అనుకుంటారు. అలాంటి వాళ్లు డెల్టా సిగ్మా థీటా అనే సోరోరిటీ గురించి తప్పక వినాలి.

1913 జనవరి 13న వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో 22 మంది నల్లజాతి విద్యార్థినులు దీన్ని మొదలుపెట్టారు. వీళ్లంతా అప్పటికే ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సోరోరిటీలో ఉన్నవాళ్లు. చదువూ స్నేహమూ సరే, బయట జరిగే పోరాటాల్లోకి కూడా దిగాలని పట్టుబట్టి విడిగా వచ్చేశారు.

రెండు నెలలైనా తిరక్కుండానే, మార్చి 3న, రోడ్డెక్కారు. ఆడవాళ్లకు ఓటు కావాలంటూ పెన్సిల్వేనియా అవెన్యూ మీద వేలమంది ఊరేగింపు అది. దారి పొడవునా మగవాళ్ల ఎగతాళి, తోపులాట. అది చాలదన్నట్టు, నల్లజాతి వాళ్లు చివర్లో నడవాలని నిర్వాహకుల్లోనే కొందరు అన్నారు. అయినా ఈ అమ్మాయిలు వెనక్కి తగ్గలేదు. ఇక్కడే నాకు మనసు కదిలిపోతుంది. 1920లో మహిళలకు ఓటు వచ్చినా, దక్షిణాదిలో చాలామంది నల్లజాతి మహిళలకు అది నిజంగా చేతికందడానికి 1965 దాకా పట్టింది.

ఆ 22 మందిలో బెర్తా పిట్స్ క్యాంబెల్ ఒకరు. 1981లో, 92 ఏళ్ల వయసులో, అదే రోడ్డు మీద పదివేలమంది డెల్టా సభ్యుల ముందు నడిచారామె. ఈ సంగతి చాలామంది చెబుతారు. నాకు మాత్రం అంతకంటే ఆమె సియాటెల్ జీవితం గొప్పగా అనిపిస్తుంది. ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు బోలెడన్ని ఉన్న సియాటెలే. 1923లో అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. డెల్టాలో సభ్యత్వం డిగ్రీతో అయిపోదు, జీవితాంతం ఉంటుంది. చదువు ముగించినవాళ్లకు ఊరూరా విడిగా చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉంటాయి. సియాటెల్ చాప్టర్‌ను నిలబెట్టినవాళ్లలో బెర్తా ఉన్నారు. అక్కడి వైడబ్ల్యూసీఏ అనే మహిళా సేవాసంస్థ బోర్డులో, నిర్ణయాల్లో ఓటు వేసే హక్కుతో కూర్చున్నారు. జాతి వివక్షను ఎదిరించడానికి తెల్లవాళ్లతో కలిసి ఒక క్రైస్తవ సంఘం కూడా పెట్టారు.

ఇలాంటి చాప్టర్లు ఇప్పటికీ పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి, ఓటర్లను నమోదు చేయిస్తాయి. కాబట్టి మీ అమ్మాయి సోరోరిటీ మాట ఎత్తితే వద్దనే ముందు రెండు విషయాలు అడగండి: ఆ చాప్టర్ పోయిన ఏడాది ఊరికి ఏం చేసింది? చదువైపోయిన అక్కలు ఇంకా వస్తున్నారా?