కన్ను అదురుతోందా? ముందు రెప్ప అంచు చూసుకోండి

యాంకర్: మిర్యాలగూడ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, డాక్టర్ గారు వింటున్నారు.

శ్రోత: నమస్తే సార్. నేను రైస్ మిల్లులో పనిచేస్తాను. నెల రోజులుగా కుడి కన్ను పైరెప్ప ఒకటే అదురుతోంది. ఆడవాళ్లకు కుడి కన్ను అదిరితే కీడు అని మా అత్తమ్మ దేవుడికి ముడుపు కట్టింది. నాకేమో టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

డాక్టర్: నమస్తే అమ్మా. ముడుపు కట్టింది అత్తమ్మ మీ మీద ప్రేమతో, దాన్ని నేను కాదనను. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుంటున్నాయా?

శ్రోత: అవును సార్, పుసులు కడుతున్నాయి. నీళ్లతో కడిగితే గానీ విడిపోవు. మిల్లులో ఊక దుమ్ము లేస్తే మంట, కంట్లో ఇసుక పడ్డట్టు ఉంటుంది.

డాక్టర్: దగ్గర్లో అద్దం ఉందా? రెప్ప వెంట్రుకల మొదళ్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి.

శ్రోత: ఒక్క నిమిషం... అంచు ఎర్రగా ఉంది సార్. మొదళ్లలో చుండ్రులాగా తెల్లగా పొట్టు ఉంది.

డాక్టర్: కంటిని చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, ఇదంతా రెప్పల వాపులాగే ఉందమ్మా. మేం బ్లెఫరైటిస్ అంటాం. రెప్ప అంచులో వరుసగా సన్నని నూనె గ్రంథులు ఉంటాయి. కన్నీరు తొందరగా ఆరిపోకుండా కాపాడేది ఆ నూనే. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు అది గ్రంథుల్లో చిక్కబడితే కన్ను పొడిబారి మండుతుంది. మంటకు మాటిమాటికీ రెప్పలు కొడతాం. కంటి చుట్టూ ఉన్న కండరం అలసి, దానంతటదే అదరడం మొదలుపెడుతుంది. దానికి తోడు మీకు నిద్ర కూడా లేదు. మందు ఏమైనా వాడారా?

శ్రోత: మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు సార్. వేసిన రోజు హాయిగా ఉంటుంది, మానేస్తే మళ్లీ మామూలే.

డాక్టర్: సీసా మీద పేరు చదవండమ్మా.

శ్రోత: డెక్సా... డెక్సామెథసోన్ అని ఉంది.

డాక్టర్: అది స్టెరాయిడ్ అమ్మా. డాక్టర్ చూడకుండా వారాల తరబడి వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలూ రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు మళ్లీ తిరిగిరాదు. దయచేసి కొత్త సీసా కొనకండి. ఈ వారంలోనే ఆ సీసా పట్టుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి ప్రెషర్ చూపించుకోండి. తల్లిపాలు, ఆముదం, ఆకు పసరు... ఎవరు చెప్పినా కంట్లో పోయొద్దు.

శ్రోత: మరి ఇంట్లో ఏం చేసుకోవాలి సార్?

డాక్టర్: శుభ్రమైన మెత్తటి బట్టను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద పెట్టుకోండి. ముందు ముంజేతికి తాకించి వేడి చూసుకోవాలి. బట్ట చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచుతూ ఐదు నుంచి పది నిమిషాలు కాపడం పెట్టాలి. ఆ వెంటనే పైరెప్పను పైనుంచి అంచు వైపు, కిందిరెప్పను కిందినుంచి అంచు వైపు వేలితో మెల్లగా ఒత్తండి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి, ఇయర్‌బడ్ ముంచి, వెంట్రుకల మొదళ్లు తుడవండి. కన్ను లోపల కాదు, అంచు మాత్రమే. రెండో కంటికి వేరే ఇయర్‌బడ్ తీసుకోండి. రోజుకు రెండు పూటలా చేయాలి. తగ్గిందని మానేస్తే తిరగబెట్టే జబ్బు ఇది, అందుకే తర్వాత కూడా రోజుకోసారి చేసుకోండి. కొన్నాళ్లు కాటుక వద్దు. తలలో చుండ్రు ఉంటే దానికీ మందు వాడండి. మిల్లులో కళ్లద్దాలు పెట్టుకోండి.

యాంకర్: జడ్చర్ల నుంచి మరో కాల్. చెప్పండన్నా.

శ్రోత: సార్, మా నాయనకు ముందు ఎడమ కన్ను అదిరేది. ఇప్పుడు ఆ పక్క చెంప, మూతి కూడా లాగుతున్నాయి.

డాక్టర్: అది వేరే సంగతన్నా. ముఖం నరాన్ని రక్తనాళం ఒత్తితే ఇలా జరుగుతుంది. నరాల డాక్టర్‌కు చూపించండి, ఎంఆర్ఐ తీయిస్తారు. బొటాక్స్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది, కాకపోతే కొన్ని నెలలకోసారి మళ్లీ తీసుకోవాలి. ఆలస్యం చేయొద్దు.

యాంకర్: మహబూబ్‌నగర్ నుంచి గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడు.

శ్రోత: సార్, నాకు పుసులు లేవు, మంట లేదు. కన్ను మాత్రం వారం నుంచి అదురుతోంది. రాత్రి రెండింటి దాకా చదువుతాను, చాయ్ మీద చాయ్ తాగుతాను.

డాక్టర్: కారణం నువ్వే చెప్పావు తమ్ముడూ. చాయ్ తగ్గించు, కంటి నిండా నిద్రపో. ఎక్కువమందికి దానంతటదే పోతుంది.

శ్రోత: అదిరినప్పుడు వేలితో పట్టుకోవచ్చా సార్?

డాక్టర్: చేతులు కడుక్కుని మెల్లగా పట్టుకో, రుద్దకు. మూడు వారాలు దాటినా, రెప్ప పూర్తిగా మూసుకుపోతున్నా, కిందికి వాలినా, చూపు మసకబారినా వెంటనే వెళ్లి చూపించుకో.