కాలీ కమాన్ నుంచి దాయెరా మీర్ మోమిన్ దాకా

సభకు నమస్కారం. హైదరాబాద్ సంగీత వారసత్వాన్ని కాలినడకన పరిచయం చేసే కార్యక్రమానికి దారి ఎలా ఉండాలన్న విషయంపై నా ఆలోచనలు చెప్పే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

భవనాలను చూపించే నడకకు దారి గీయడం సులువు, ఎందుకంటే గోడలు కట్టినచోటే ఉంటాయి. పాడిన మనిషి వెళ్లిపోయాక పాట ఆ చోట మిగలదు. అందువల్ల సంగీతం కోసం నడిచేవారు ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేసుకోవాలని నా అభిప్రాయం: ఇక్కడ పాడినవారికి, వాయించినవారికి కూడు పెట్టిందెవరు? ఈ ప్రశ్న పట్టుకుని నడిస్తే, ఉర్దూ పాట పాతబస్తీదనీ, తెలుగు పాట చిక్కడపల్లి గానసభదనీ మనం పంచిపెట్టుకున్న వాటాలు నిలబడవు.

నేను ప్రతిపాదించే దారి నాలుగు కమాన్ల నడుమ ఉన్న ఫౌంటెన్, గుల్జార్ హౌజ్ దగ్గర మొదలవుతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నగరాన్ని స్థాపించిన తరువాత చార్మినార్‌కు ఉత్తరాన వెలసిన నాలుగు కమాన్లలో తూర్పు దిక్కుది కాలీ కమాన్. ఒకప్పుడు అది రాజుగారి నగారాఖానా, అంటే నగారాలు మోగించే చోటు. అక్కడ నౌబత్ అనే ఆ వాద్యాల మోత కచేరీ కోసం కాదు, వేళను, రాజు ఉనికిని ఊరికి తెలియజేయడానికి. దర్బారులో అడుగుపెట్టే అర్హత లేని కూలీకీ, బండి తోలేవాడికీ కూడా ఆ మోత సమానంగా వినబడేది. వాయించేవారికి జీతం ఖజానా నుంచి అందినా, వినే భాగ్యం వీధి మొత్తానికీ దక్కింది. ఇప్పుడు ఆ కమాన్ కింద ఆటోల హారన్ల మధ్య ఎవరి మాటా వినబడదు కాబట్టి, వివరణంతా గుల్జార్ హౌజ్ దగ్గరే ముగించి ముందుకు సాగడం మంచిది.

చార్మినార్ దాటి దక్షిణంగా వెళితే లాల్ దర్వాజా వస్తుంది. అక్కడి సింహవాహిని మహంకాళి ఆలయం ఆషాఢ బోనాలకు పేరుపడింది. నడిచేవారిని ఇక్కడ ఆపి వినిపించవలసింది డప్పు. వాయించబోయే ముందు కళాకారుడు ఎండుగడ్డితో మంట వేసి, డప్పును దానికి చూపిస్తూ నెమ్మదిగా తిప్పుతాడు. చర్మం బిగిసిందనిపించాక వేళ్లతో తట్టి చూసి, మోత తేలితేనే భుజానికి తగిలించుకుంటాడు. కుడిచేతిలోని సిర్ర అనే కర్ర బరువైన దెబ్బ వేస్తుంటే, ఎడమచేతిలోని సన్నని చిటికెన పుల్ల ఆ దెబ్బల నడుమ సందులను నింపుతుంది. ఆ రెండింటి తేడా శ్రోతల చెవికి పట్టేదాకా మార్గదర్శి నోరు మెదపకూడదు. ఈ కళాకారులను పోషించింది ఏ కొలువూ కాదు, బస్తీ ఇంటింటా పోగుచేసిన చందా.

ఇవే వీధుల్లో పెళ్లి ఊరేగింపులకు మర్ఫా మోగుతుంది. నిజాం కొలువులో సైనికులుగా చేరిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులూ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ ఈ నగరానికి తెచ్చిన లయ అది. వారి వంశీకులు బార్కస్‌లోనూ, ఏసీ గార్డ్స్‌లోనూ నేటికీ ఉన్నారు. ఆ లయలోని తీన్‌మార్ దరువుకు ఇప్పుడు బోనాల్లోనూ, గణేశ్ నిమజ్జనంలోనూ, అన్ని మతాలవారి బరాత్‌లలోనూ కాళ్లు కదులుతున్నాయి.

గోల్కొండ దూరం కాబట్టి దానికి విడిగా ఒక పూట కేటాయించాలి. అయినా ఆ పేరు తలచకుండా ముందుకు వెళ్లలేను. గోల్కొండ పాదుషా ఎదుట 1500 పదాలు, అంటే శృంగార గేయాలు, చెప్పినట్లు వాగ్గేయకారుడు క్షేత్రయ్య తన పదంలోనే చెప్పుకున్నాడు. అదే పదిహేడో శతాబ్దంలో, తానీషా ఏలుబడిలో, కంచెర్ల గోపన్న (భక్త రామదాసు) ఆ కోట చెరసాలలో కీర్తనలు కట్టాడని తరతరాలుగా మనం చెప్పుకుంటున్నాం. ఒక వాగ్గేయకారుణ్ణి ఆదరించిన గోల్కొండే మరొకరిని బంధించింది. తెలుగు పాటకు ఈ నగరంతో ఉన్న బంధం అంత పాతది, అంత చిక్కనిది.

చివరి మజిలీ సుల్తాన్‌షాహీ సమీపంలోని దాయెరా మీర్ మోమిన్. నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ విశ్రమిస్తున్న ఆ ఖబరస్తాన్‌లోనే హిందుస్తానీ సంగీతంలో పటియాలా ఘరానా (గాన సంప్రదాయం) దిగ్గజం ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ సమాధి ఉంది. కసూర్‌లో పుట్టి, దేశ విభజన తరువాత పాకిస్తాన్‌లో కొంతకాలం ఉండి, తిరిగివచ్చి భారత పౌరసత్వం పొందిన ఆ మహానుభావుడు, పక్షవాతం బాధించినా కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ తోడుగా కచేరీలు చేశారు. తుదిరోజులు నవాబ్ జహీర్ యార్ జంగ్ ఆదరణలో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిపి, 1968లో కన్నుమూశారు. అక్కడికి తమవారి కోసం వచ్చే కుటుంబాలు ఉంటాయి కాబట్టి, ఆయన గానాన్ని దారిలోనే వినిపించి, లోపల ఏ యంత్రమూ మోగించకుండా చూడాలి.

ఖజానా, చందా, నవాబు ఆదరణ: ఈ దారిలో సంగీతానికి అన్నం పెట్టిన చేతులివి. ఇప్పుడు ఆ స్థానంలోకి రావలసింది నడిచేవారమైన మనమే. అందుకే నిర్వాహకులకు నా విన్నపం: డప్పు కళాకారులకు, మర్ఫా బృందానికి ఇవ్వవలసిన పారితోషికాన్ని ముందుగా నిర్ణయించి, దానిని బట్టే నడక రుసుమును ఖరారు చేయండి. మార్గదర్శులకు, కరపత్రాలకు అయ్యే ఖర్చు ఆ తరువాత లెక్కవేసుకుందాం.