దున్నింది ట్రాక్టరు, పోయింది కలుపు కూలి

హోస్ట్: నమస్కారం. విజయవాడలో ఈ మధ్య ఎవరిని కదిలించినా ఒకటే టెన్షన్. ఏఐ వస్తే మా పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయని. ఆ ప్రశ్న పట్టుకుని గుంటూరు వచ్చి, నాకు డిగ్రీలో ఎకనామిక్స్ చెప్పిన మేడమ్ దగ్గర కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెడదాం మేడమ్?

మేడమ్: పొలం దగ్గర మొదలుపెడదాం నాన్నా. ఏఐ సంగతి ఇంకా తేలాలి. పొలంలోకి యంత్రం వచ్చి ఏళ్లయింది, ఏం జరిగిందో కళ్ల ముందే ఉంది. మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మ నాట్లకీ, కలుపుకీ, కోతలకీ కూలీల ముఠాతో వెళ్లేది.

హోస్ట్: ఆ ముఠాలు ఇప్పుడు లేవా?

మేడమ్: ఉన్నాయి, పని రోజులే తగ్గాయి. ఎలా తగ్గాయో విను. దున్నడం ఎవరి పని? మగవాళ్లది. ట్రాక్టర్ వస్తే పోయేది వాళ్ల పనే అనుకుంటాం కదా. ఫర్జానా అఫ్రిదీ, మొనిశంకర్ బిష్ణు, కనికా మహాజన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలో 1999 నుంచి 2011 వరకు లెక్కలు తీశారు. యంత్రంతో దున్నడం పెరిగిన చోట మగవాళ్ల పని కంటే ఆడవాళ్ల పనే ఎక్కువగా పడిపోయింది.

హోస్ట్: అదెలా?

మేడమ్: ట్రాక్టర్ లోతుగా దున్నుతుంది. లోతుగా దున్నితే కలుపు తక్కువ మొలుస్తుంది. కలుపు తీసేది ఎవరు? మా అమ్మ ఏనాడూ నాగలి పట్టలేదు. అయినా ఆ దెబ్బ తగిలింది ఆమెకే. ఇది చదివిన రోజు కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

హోస్ట్: అంటే ఏఐ విషయంలో కూడా...

మేడమ్: నా పని యంత్రం చేస్తుందా అని ఒక్కటే అడిగితే చాలదు. పక్కవాడి పనిలోకి అది వస్తే నా పని ఏమవుతుందో కూడా అడగాలి.

హోస్ట్: మరి కోత మిషన్లు?

మేడమ్: డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు అదే మాగాణిలో మినుములు చల్లేవాళ్లు. మనుషులు కోస్తే మొలకకి ఏం కాదు. మిషన్ తిరిగితే చక్రాల కింద నలిగిపోతుంది. తెగుళ్లు కూడా తోడై చాలామంది మినుము మానేసి మొక్కజొన్న, జొన్న వేశారు. వరి కోత కూలితో పాటు మినుము పీకే కూలి కూడా పోయింది. రైతుని తప్పు పట్టను. కోతల వేళ తుఫాను వస్తోందంటే గంటల్లో గింజని ఒబ్బిడి చేసేది ఆ మిషనే.

హోస్ట్: పొలంలో పని పోతే ఇంకో చోట దొరుకుతుందని మీరే చెప్పారు, ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ పాఠంలో.

మేడమ్: చెప్పాను. పొలంలో మిగులుగా ఉన్నవాళ్లు ఫ్యాక్టరీల వైపు వెళ్తారు, దేశం ఎదుగుతుందని 1954లో రాశాడాయన. 1979లో నోబెల్ వచ్చింది. మన దగ్గర సగమే జరిగింది. 2023-24 కేంద్ర శ్రామిక సర్వే ప్రకారం, పల్లెల్లో పనిచేసే మగవాళ్లలో 49.4 శాతం వ్యవసాయంలో ఉన్నారు. ఆడవాళ్లలో 76.9. మా ఊరి మగవాళ్లు ఆటోలు కొన్నారు, తాపీ పని నేర్చారు, మీ ఆటోనగర్‌లో మెకానిక్‌లయ్యారు. ఆడవాళ్లు తగ్గిపోతున్న పనిలోనే ఉండిపోయారు.

హోస్ట్: మిర్చి కోతలు ఉన్నాయిగా?

మేడమ్: ఉన్నాయి. మిర్చికి ఇప్పటికీ చెయ్యే కావాలి. ఒకే చెట్టు మీద పూత, పచ్చికాయ, పండుకాయ కలిసి ఉంటాయి. పండింది మాత్రమే ఏరాలి, అదీ రెండు మూడు విడతలు. అందుకే ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే దిగుతాయి. చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు, పిల్లల బడి పోతుంది. యంత్రం రాలేదు కదా అని సంతోషించడానికి నాకు మనసొప్పదు. మా అమ్మ కూడా చివరికి గుంటూరు చేరి తొడిమలు తీసింది. కిలోల లెక్కన కూలి. రాత్రి చేతులు మండుతుంటే నేను కొబ్బరినూనె రాసేదాన్ని.

హోస్ట్: మరి ఏం చేయాలి మేడమ్?

మేడమ్: యంత్రం ఎవరి చేతికి వస్తోందో చూడాలి. 2023 నవంబర్‌లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సాయం. 15 రోజుల శిక్షణ. ఇంత దేశానికి 15,000 తక్కువే, కానీ దారి సరైంది. కోత మిషన్లకీ, నాటు యంత్రాలకీ ఇదే పెట్టాలి. మన డ్వాక్రా సంఘాలు బ్యాంకు అప్పులు తీసుకుని తీర్చడం ఎప్పుడో నేర్చుకున్నాయి. యంత్రం ఊళ్లోకి దిగకముందే నేర్పాలి. కలుపు పోయాక తొడిమల పని దొరికేదాకా మా ఇంట్లో గడిచిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ మధ్య కాలానికి ఎవరూ లెక్క కట్టరు.

హోస్ట్: అమ్మగారికి ఇవన్నీ చెబుతుంటారా?

మేడమ్: పోయిన సీజన్‌లో పక్క చేలో డ్రోన్‌తో మందు కొడుతుంటే గట్టు మీద నిలబడి చూసింది. అయిపోయాక నడిపే కుర్రాణ్ణి పిలిచి, ఎకరానికి ఎంత తీసుకుంటావు, నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది అని అడిగింది.