కాలువలో పడింది ఎక్కడికి పోతోంది?

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

వానలు మొదలయ్యేలోపే ఈ మాట చెప్పుకోవాలి. రోడ్డు పక్క కాలువలో పడేసింది ఎక్కడో ప్లాంటులో శుభ్రమవుతుందని మనలో చాలామంది నమ్మకం. కాదు. మన కర్నూలులో వాననీళ్లు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే హంద్రీలోకో తుంగభద్రలోకో పోతాయి, అక్కడి నుంచి శ్రీశైలం జలాశయంలోకి. ఆ నీళ్లనే మల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువలో అనంతపురం వైపు పంపుతున్నారు. అంటే మనం పారేసింది పక్క జిల్లా దాకా పోయే దారి ఉంది.

అన్నిటికన్నా మురికి తొలి వాన నీళ్లు. ఎండాకాలమంతా రోడ్డుమీద పేరుకున్న దుమ్ము, కారిన డీజిల్, పేడ ఒక్కసారిగా కొట్టుకుపోతాయి. అందుకే పూడిక తీయడం మే నెలలోనే పూర్తి కావాలి.

ఆ పూడిక దగ్గరే మన పని సగంలో ఆగుతోంది. కార్మికులు పారలతో నల్లటి బురద తీసి గట్టున కుప్ప పోస్తారు. చూడండి, అందులో పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, కొబ్బరి చిప్పలు, తెగిన చెప్పులు. ఒకటి రెండు రోజులు ఆరనిస్తే సరే. వారం ఉంచితే, ఒక్క వానకు మళ్లీ అదే కాలువలోకి జారుతుంది. కుప్ప కనిపిస్తే ఫోటో తీసి వార్డు సచివాలయంలో చూపించండి, ట్రాక్టర్ వచ్చేదాకా వదలొద్దు. కార్మికుల మీద మాత్రం అరవకండి. వాళ్లకు గ్లవ్స్, గమ్ బూట్లు ఇచ్చారా అని కూడా మనమే అడగాలి.

మెకానిక్ అన్నలకు ఒక మాట. ఒక్క బండికి మార్చిన ఇంజిన్ ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి. ఇల్లు కట్టేవాళ్లు ఇసుక కుప్పను కాలువ అంచున పోయొద్దు.

ఇవన్నీ నోటీసు అంటిస్తే జరిగే పనులు కావు. షాపుకు వెళ్లి కూర్చుని మాట్లాడాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు దగ్గర, శనివారం గుడి దగ్గర.

2009 అక్టోబరు వరద నదులు పొంగి వచ్చింది, కాలువలు బాగుచేసి అలాంటిదాన్ని ఆపలేం. గంట వానకే వీధి మునగడం వేరు, దాన్ని చాలావరకు ఆపగలం.

కుర్రాళ్లు మీటింగ్ అయ్యాక కాసేపు ఆగండి. ఏ వీధిలో, ఏ కల్వర్టు దగ్గర నీళ్లు నిలుస్తాయో రాసుకుని, రేపే సచివాలయంలో ఇద్దాం.