అరకు స్టేషన్ ఏ డివిజన్‌లోకి వెళ్తోంది?

అందరికీ నమస్కారం. కూర్చున్నారా? నోట్స్ పక్కన పెట్టండి, ముందు ఒక ప్రశ్న. అరకు మన ఆంధ్రప్రదేశ్‌లోదే, అందులో డౌట్ లేదు. మరి 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన రైల్వే డివిజన్ల విభజన ప్రకారం అరకు స్టేషన్ ఏ రైల్వే డివిజన్‌లోకి వెళ్తుంది? "విశాఖపట్నం" అని టక్కున అనేశారా? తప్పు. రాయగడ. ఒడిశాలో ఉన్న రాయగడ. సివిల్స్ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్‌లో ఒక ప్రశ్నకి రెండు మార్కులు, తప్పు పెడితే 0.66 పోతుంది. మన ఇంటి పక్క స్టేషన్ దగ్గరే పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఈ ప్రశ్న నాకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో తట్టింది. అక్కడ చదువుకునే శ్రీకాకుళం కుర్రాడొకడు మూడు మంత్లీ మ్యాగజైన్లు ముందేసుకుని, పసుపు హైలైటర్‌తో గీస్తూ కూర్చున్నాడు. తొంగి చూస్తే పేజీ పేజీ అంతా పసుపే. పెళ్లి శుభలేఖలా ఉంది. "ఇదేటి తమ్ముడూ, మొత్తం గీసేశావు?" అంటే, "ఏది వస్తాదో తెలీదు కదన్నా, అందుకే అన్నీ గీసీసినాను" అన్నాడు. అతని తప్పేం లేదు. మాలాంటి వాళ్లం పరీక్షల కోసం అమ్మే సరుకే అలా ఉంది. నెలకి వెయ్యి బిట్లు, టాప్ వంద, లాస్ట్ మినిట్ యాభై. నేను కూడా ఒకప్పుడు అలాంటి వీడియోలు చేశాను, ఒప్పుకుంటున్నాను. వ్యూస్ బాగా వచ్చాయి.

అతను గీసిన వాక్యం ఇది: దక్షిణ కోస్తా రైల్వే జోన్, ముఖ్య కేంద్రం విశాఖపట్నం, 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన. బాగుంది. కొన్ని డివిజన్లు కలిస్తే ఒక జోన్. "జోన్ పెట్టాలంటే ఎవరు పెట్టాలి?" అని అడిగాను. "పార్లమెంట్ చట్టం చెయ్యాలి కదన్నా" అన్నాడు. అక్కర్లేదు. 1989 రైల్వే చట్టం సెక్షన్ 3 చూడండి. పరిపాలన సవ్యంగా సాగడానికి కేంద్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చి ఎన్ని జోన్లయినా పెట్టుకోవచ్చు. రైల్వేలు కేంద్ర జాబితాలోవి, రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం అవసరం కూడా లేదు. చూశారా, వార్త ఒక్కటే, కానీ ఇక్కడికే పాలిటీ వచ్చేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ జోన్ మాట ఎక్కడిది? 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, పదమూడో షెడ్యూలు. మనలో చాలామంది "చట్టంలో రైల్వే జోన్ ఇస్తామని రాశారు" అంటారు. టీ కొట్టు దగ్గర అనొచ్చు, పరీక్షలో అనకూడదు. చట్టంలో ఉన్నది ఏమిటంటే, కొత్త రైల్వే జోన్ ఏర్పాటును రైల్వే శాఖ ఆరు నెలల్లోగా పరిశీలించాలి, త్వరగా నిర్ణయం తీసుకోవాలి. పరిశీలించాలి. ఇస్తాం అని కాదు. కడప స్టీల్ ప్లాంట్‌కీ అంతే, సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి. అదే షెడ్యూల్లో దుగరాజపట్నం పోర్టు దగ్గరికి వెళ్లండి. అక్కడ మాట మారిపోతుంది. కేంద్రం అభివృద్ధి చేయాలి, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలి అని గట్టిగా రాశారు. తమాషా ఏమిటంటే, పరిశీలిస్తామన్న జోన్ 2019లో ప్రకటించారు, కట్టి తీరాలన్న పోర్టు కట్టలేదు. రాజకీయం సంగతి అలా ఉంచితే, పరీక్షకి మీరు పట్టుకోవాల్సింది ఆ క్రియాపదం. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో సగం మెలిక అక్కడే ఉంటుంది.

ప్రత్యేక హోదా కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది ఆ చట్టంలో ఎక్కడా లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటన అది. చట్టంలో మాటకీ, సభలో మాటకీ తేడా ఏమిటి అని మెయిన్స్‌లో అడిగితే మీ దగ్గర సొంత ఊరి ఉదాహరణ సిద్ధంగా ఉంది.

మళ్లీ అరకు. 2019లో జోన్ ప్రకటించినప్పుడు విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ని రెండు ముక్కలు చేసి, ఒకటి విజయవాడ డివిజన్‌లో కలుపుతామన్నారు. మన వాళ్లకి నచ్చలేదు. పాత పేరు, పాత డివిజన్, ఎలా పోగొట్టుకుంటాం? చివరికి 2025 ఫిబ్రవరిలో ఆ డివిజన్‌ని దాదాపు 410 కిలోమీటర్లతో ఉంచి, విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చారు. పలాస నుంచి దువ్వాడ దాకా మెయిన్ లైను మనది. కొత్తవలస నుంచి బచేలి వైపు వెళ్లే కేకే (కొత్తవలస–కిరండూల్) లైను మాత్రం రాయగడకి, అంటే భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేకి. అరకు ఉన్నది ఆ లైను మీదే.

అద్దాల బోగీలో బొర్రా గుహలకి వెళ్లి సెల్ఫీలు దిగాం కాబట్టి మనకది టూరిస్టు లైను. రైల్వేకి మాత్రం అది ఇనుప ఖనిజం లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల నుంచి ఖనిజం కిందికి దిగేది అటునుంచే. ఆ ఖనిజమే మన ఉక్కు ఫ్యాక్టరీకీ వస్తుంది. ఎందుకు అంత దూరం నుంచి? విశాఖ ఉక్కుకి సొంత ఇనుప గనులు లేవు కాబట్టి. చూడండి, రైల్వే జోన్ దగ్గర మొదలుపెట్టి ఎక్కడికి వచ్చామో. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. అంకెలు కంఠతా పట్టొచ్చు, కష్టం కాదు. కానీ సొంత గని లేని ప్లాంటుకి ఖర్చు ఎందుకు ఎక్కువవుతుందో ఒక పేరా రాయగలిగినవాడికి మెయిన్స్‌లో మార్కులు పడతాయి. ఎకానమీ, జాగ్రఫీ రెండూ అందులోనే ఉన్నాయి.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. 2020 మే 7, తెల్లవారుజాము. విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురం, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ. స్టైరీన్ గ్యాస్. పన్నెండు మంది చనిపోయారు. ఆ పొద్దున్న మద్దిలపాలెంలో మా ఇంట్లో కూడా కిటికీలు మూసేశాం, ఎందుకో కూడా సరిగ్గా తెలీదు. దీన్ని మ్యాగజైన్లు ఒక్క బిట్ చేశాయి: లీకైన వాయువు ఏది? అంతేనా? మర్నాడు జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఉత్తర్వులో స్ట్రిక్ట్ లయబిలిటీ (తప్పు రుజువు కాకపోయినా నష్టానికి బాధ్యత) అన్న మాట వాడింది. వెంటనే న్యాయవాదులు అడిగారు, అబ్సల్యూట్ లయబిలిటీ అనాలి కదా అని. ఎందుకంటే స్ట్రిక్ట్ లయబిలిటీ పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు సూత్రం, అందులో ప్రకృతి వైపరీత్యం లాంటి మినహాయింపులు ఉంటాయి. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకయ్యాక, ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి ధర్మాసనం ఆ మినహాయింపులన్నీ తీసేసింది. అదే అబ్సల్యూట్ లయబిలిటీ. ప్రమాదకర పరిశ్రమ నడిపితే, నష్టం జరిగితే, సాకులు లేవు, కట్టాల్సిందే. పైగా కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. భోపాల్ జరిగిన మరుసటి ఏడాది కేసు అది.

ఆ కుర్రాడితో ఇదంతా చెప్పేసరికి లైబ్రరీలో పక్కవాళ్లు "ష్" అన్నారు, బయటికొచ్చి టీ తాగాం. మూడు మ్యాగజైన్లలో ఒకటే ఉంచుకుంటానన్నాడు. రోజుకి ఒక్క వార్త, దానికి నాలుగు ప్రశ్నలు: ఏ చట్టం, ఎవరి అధికారం, మ్యాపులో ఎక్కడ, ఇంతకుముందు ఏమైంది. గంట పడుతుంది. మొదటి పది రోజులు చిరాకేస్తుంది, వెనకబడిపోతున్నామని టెన్షన్ కూడా వస్తుంది. ఫర్వాలేదు.

ఈ వారం మీ పని చెప్తాను. విశాఖ మెట్రో గురించి పేపర్లో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఆ వార్త చదవకముందు అదే పదమూడో షెడ్యూలు తీసి, మెట్రో లైను వెతకండి. అక్కడ ఏ క్రియాపదం వాడారో, విశాఖతో పాటు ఇంకే ఊళ్ల పేర్లున్నాయో రాసి పెట్టండి. వచ్చే వీడియో అక్కణ్నుంచే మొదలుపెడతాను.