సర్వే ఫారంలో ఆమె గడి ఏది?

అందరికీ నమస్తే. పట్టణ ప్రణాళికలో స్త్రీ పురుష సమానత్వం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట కాసేపు పక్కనపెట్టి ఒక కాగితం గురించి మాట్లాడతా, సర్వే ఫారం గురించి. రోడ్డు వెడల్పు చేయాలన్నా, నాలా మీది ఇళ్లు తీయాలన్నా ముందు ఒకాయన వచ్చి యజమాని ఎవరు, గజాలెన్ని, కాగితాలు ఎవరి పేర ఉన్నాయని రాసుకుపోతాడు. ఆ పేరు చాలా ఇళ్లలో ఇంటాయనదే. అదే వాకిట్లో కూర్చుని ఆమె బీడీలు చుడుతుంది, కార్ఖానా పక్క గల్లీలోనే కాబట్టి ఆకు, తంబాకు తెచ్చుకోవడం, కట్టలు ఇచ్చి రావడం అంతా నడకతోనే అయిపోతుంది. ఊరవతల సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇచ్చి పంపితే ఫారంలో ఆయనకు ఇల్లొచ్చినట్టు ఉంటుంది, ఆమె పని పోయినట్టు మాత్రం ఎక్కడా ఉండదు.

మరి చట్టం లేదా అంటే ఉంది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ మదింపు, అంటే భూమి తీసుకుంటే జనం బతుకు మీద ఏం ప్రభావం పడుతుందో ముందే లెక్కగట్టడం, చేయాలని, దాన్ని 6 నెలల్లో పూర్తిచేయాలని, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని రాసుంది. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, ఇంట్లోవాళ్లు వదిలేసిన ఆడవాళ్లు, వీళ్లందరినీ వేరే కుటుంబంగా లెక్కపెట్టాలి. పెళ్లి కాకపోయినా సరే, 18 నిండిన ఆడబిడ్డ కూడా వేరే కుటుంబమే! కొడుకులకు ఈ సంగతి బాగా తెలుసు, ఆడబిడ్డల పేరు రాయించాలన్న సోయి మాత్రం ఇంట్లోవాళ్లకే ఉండదు. పైగా మన తెలంగాణ రాష్ట్రం తర్వాత చట్టాన్ని సవరించి కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ మదింపే అక్కర్లేకుండా చేసింది, అది నాకు అస్సలు నచ్చని పని.

హనుమకొండ చౌరస్తాలో పూలు, కూరగాయలు అమ్మే అక్కలనే చూడండి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం అమ్మేవాళ్ల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మీ కమిటీలో ఎవరున్నారో అడిగితే పేర్లు చెప్పేవాళ్లు ఎంతమంది? బండి ఎక్కడ పెట్టాలన్నదొక్కటే కాదు, పొద్దంతా అక్కడే ఉండే మనిషికి బాత్‌రూం ఎంత దూరమన్నది కూడా ఆ కమిటీలో తేలాల్సిందే.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. మంచిదే. కానీ ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆయమ్మకు బస్సు దిగాక ఇంటిదాకా ఉన్న చీకటి గల్లీయే అసలు టెన్షన్, ఆ లైటు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనబడదు.

అందుకే నేనడిగేది చిన్నదే. వార్డు మీటింగు పొద్దున 11కు పెడితే కూలికి పోయినామె రాదు, సాయంత్రం 7కు పెడితే వంట దగ్గర ఉన్నామె రాదు. ఒకటి మధ్యాహ్నం, ఒకటి ఆదివారం పెట్టమనండి. సర్వేకు వచ్చేటోళ్లలో ఒక ఆడమనిషి ఉండాలని, మీ పేర ఏముందని కాకుండా పొద్దున లేచినప్పటి నుంచి ఎక్కడెక్కడికి పోతారని అడగాలని కార్పొరేషన్‌కు రాసిన దరఖాస్తు వెనక టేబుల్ మీద ఉంది, చదివి, సరే అనిపిస్తేనే సంతకం పెట్టండి.