ప్యాకింగ్ మార్చినా ఆగని కూలెంట్ లీకు: థర్మోస్టాట్ హౌసింగ్‌ను సరిచేయడం ఎలా?

(తెరపై: చల్లారిన ఇంజన్. థర్మోస్టాట్ హౌసింగ్ అంచు వెంట పేరుకున్న తెల్లటి పొర.)

అందరికీ నమస్కారం. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్. అది వేడెక్కాక రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటం థర్మోస్టాట్, దాన్ని కప్పి ఉంచే భాగం థర్మోస్టాట్ హౌసింగ్. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ కారుతోందని ప్యాకింగ్ మార్చడం, కొన్నాళ్లకు అదే చోట మళ్లీ తడి కనిపిస్తే ఇంకో ప్యాకింగ్ వేసి బోల్టులను మరింత గట్టిగా బిగించడం చాలాచోట్ల జరిగేదే. ఇలా పదే పదే తిరిగి వచ్చే లీకుకు కారణం చాలావరకు ప్యాకింగ్‌లో ఉండదు, అది కూర్చునే రెండు ముఖాల్లో ఉంటుంది. ఆ ముఖాలను పరీక్షించకుండా ఎన్ని ప్యాకింగులు మార్చినా డబ్బూ శ్రమా వృథా అవుతాయి.

ఈ అతుకు మీద పడే భారం తక్కువేమీ కాదు. థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకుంటుంది. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువగా నిలిపి ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించే ఈ అతుకులో సన్నని సందు ఉన్నా కూలెంట్ బయటికి వస్తుంది. వేడి మీద ఆ చుక్క వెంటనే ఆవిరైపోతుంది కాబట్టి కింద మడుగు కనిపించకపోవచ్చు, కానీ అంచున గట్టిపడిన పొర మాత్రం మిగిలిపోతుంది.

(తెరపై: రేడియేటర్ మెడకు బిగించిన ప్రెషర్ టెస్టర్, టార్చి, చిన్న అద్దం.)

విప్పే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోవాలి. హౌసింగ్ చుట్టూ శుభ్రంగా తుడిచి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్టర్‌తో మూత మీద ముద్రించిన పీడనం వరకు మాత్రమే గాలి కొట్టాలి. పై హోస్ పైపు క్లిప్పు దగ్గర, ఉష్ణోగ్రత సెన్సార్ దగ్గర పుట్టిన చుక్క కిందికి జారి హౌసింగ్ అతుకు మీద నిలిచి, అక్కడి నుంచే కారుతున్నట్టు కనిపించవచ్చు. అద్దం పెట్టి వెనుక వైపు కూడా చూస్తే తప్ప ఆ తేడా తెలియదు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతను ఏ కారణంతోనూ తెరవకండి.

కూలెంట్ మట్టం హౌసింగ్ కంటే కిందికి వచ్చేవరకు వంపితే చాలు. వంపినదాన్ని మూత ఉన్న డబ్బాలో పట్టండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండటంతో జంతువులు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం. బోల్టు బిగుసుకుపోతే ఒకేసారి బలం పెట్టకుండా, తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగి, కొద్దిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి.

(తెరపై: విప్పిన హౌసింగ్ ముఖం, బాగా దగ్గరగా.)

అసలు విషయం ఇక్కడుంది. నీళ్ల దారి చుట్టూ నల్లగా అంటుకుని ఉన్నది పాత ప్యాకింగ్ ముక్క. దాని పక్కన సూదితో పొడిచినట్టు కనిపిస్తున్నవి తుప్పు తిన్న గుంటలు. పాత ముక్కలను ప్లాస్టిక్ స్క్రాపర్‌తో ఓపికగా తీయాలి. గిరగిరా తిరిగే రాపిడి చక్రం పెడితే పని త్వరగా అయినట్టుంటుంది గానీ, మెత్తని అల్యూమినియం అక్కడక్కడా లోతుగా అరిగిపోతుంది, ఆ పొడి ఇంజన్ లోపలికి చేరుతుంది.

తర్వాత ఉక్కు స్కేలును ముఖం మీద అడ్డంగా నిలబెట్టి, దాని కింద ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకుల పనిముట్టు) దూర్చి చూడండి. 0.1 మిల్లీమీటరు రేకు దూరిందంటే ఆ ముఖం వంగిందనే నేను భావిస్తాను. ఎక్కువగా బిగించడం వల్ల బోల్టుల దగ్గరి చెవులు లోపలికి వంగి, నడిమి భాగం పైకి లేస్తుంది. అప్పుడు బోల్టులను ఎంత బిగిస్తే నడుమ సందు అంత పెరుగుతుంది. లోహపు హౌసింగ్ అయితే మందపాటి అద్దం మీద 400 గ్రిట్ నీటి ఎమెరీ కాగితం పరచి, ఎనిమిది అంకె ఆకారంలో సమానంగా రుద్దితే ముఖం చదునవుతుంది. గుంట నీళ్ల దారి నుంచి బయటి అంచు వరకు సాగితే, లేదా హౌసింగ్ ప్లాస్టిక్‌ది అయి వంగినా చీలినా, కొత్తది వేయడమే సరైన పని.

చాలామంది దృష్టికి రాని కారణం ఇంకొకటి ఉంది. బోల్టు రంధ్రం అడుగున తుప్పో కూలెంటో నిలిచి ఉంటే బోల్టు దానికి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుతుగానే తెలుస్తుంది గానీ హౌసింగ్ మీద ఒత్తిడి పడదు. అందుకే రంధ్రాలను శుభ్రం చేసి, బోల్టు చివరి వరకు చేత్తోనే తిరుగుతోందో లేదో ముందే చూసుకోవాలి.

(తెరపై: గూడులో కూర్చున్న థర్మోస్టాట్.)

బిగించేటప్పుడు థర్మోస్టాట్ అంచు గూడులో పూర్తిగా కూర్చోవాలి. కొద్దిగా పక్కకు జరిగినా హౌసింగ్ వాలి చీలుతుంది. గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పై వైపుకు రావాలి. ప్యాకింగ్‌కు బదులు ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఉంటే దానికి కూలెంట్ రాస్తే సరిపోతుంది, పెట్రోలియం గ్రీజు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరును ఉబ్బిస్తుంది. కాగితపు ప్యాకింగ్ మీద సిలికాన్ దట్టంగా పూయకండి. లోపలికి పిండుకుపోయిన ముక్కలు రేడియేటర్ సన్నని గొట్టాలకు అడ్డుపడతాయి. బోల్టులను మార్చి మార్చి, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) బిగించండి. ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చెబుతారు, మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి.

కూలెంట్ నింపి, గాలి తీసి, స్టార్ట్ చేసే ముందే మళ్లీ ప్రెషర్ టెస్టర్ పెట్టండి. ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక అతుకును ఇంకోసారి చూడండి. అన్నీ సరిగా ఉన్నా లీకు వస్తే, ముందుగా రేడియేటర్ మూతను పరీక్షించాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతుంటే, సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి చొరబడుతున్నాయేమో చూపించుకోవాలి. ఆ పరిస్థితిలో మరమ్మతు మొదలుపెట్టాల్సింది హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్) దగ్గర.